మాండవి ఒడ్డున ఇంటిల్లిపాదీ మూడు రాత్రులు: క్యాసినో బసకు బెజవాడ, గుంటూరు వాళ్ల గైడ్

మన రాష్ట్రంలో క్యాసినో లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం కింద, డబ్బు పెట్టి మూడు ముక్కలాడితే సంక్రాంతి పూటైనా కేసే. అందుకే సరదా పడేవాళ్లు గోవా బండెక్కుతారు. నలుగురు స్నేహితులు కలిసి వెళ్లే ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, ఎనిమిదేళ్ల పాప, బీటెక్ చదివే కుర్రాడు కలిసి వెళ్తే మాత్రం లెక్క మారిపోతుంది. అలాంటి ప్రయాణాలు ఆట బల్ల దగ్గర కంటే గది దగ్గర, పడవ ఎక్కే జెట్టీ దగ్గర, గుర్తింపు కార్డు దగ్గరే ఎక్కువగా చెడతాయి. మూడు రాత్రుల్లో క్యాసినోకి ఒక్కటే, అదీ రెండో రాత్రి. ఈ గైడ్ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు ఎక్కడ దిగాలో తేల్చుకోండి

గోవా చట్టం తెలియకుండా గది బుక్ చేస్తే మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. అక్కడి జూద చట్టానికి 1992లో చేసిన సవరణ ఫైవ్ స్టార్ హోటళ్లలో యంత్రాల ఆటలకు దారి తెరిచింది. 1996 సవరణ నీటి మీది ఓడల్లో బల్ల ఆటలకు వీలు కల్పించింది. కాబట్టి నేల మీది హోటల్‌కు ‘క్యాసినో రిసార్ట్’ అని బోర్డు ఉన్నా, లోపల ఉండేవి ఎలక్ట్రానిక్ ఆటలే. డీలర్ చేత్తో ముక్కలు పంచే బల్లలు కావాలంటే పణజిలో మాండవి నది మీద లంగరేసిన ఓడ ఎక్కాల్సిందే.

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, కలంగూట్ వైపు బీచ్ దగ్గర, లోపలే క్యాసినో ఉన్న హోటల్. రెండు, పణజి ఊళ్లో, జెట్టీకి నడిచి వెళ్లగలిగే దూరంలో నది వైపు హోటల్. పిల్లలూ పెద్దలూ ఉంటే మా ఓటు పణజికే. రాత్రి ఆట ముగిసేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. ఆ వేళ బీచ్ వైపు టాక్సీ మాట్లాడుకోవడం డబ్బుకీ ఓపికకీ పరీక్ష. పణజిలో అయితే పది నిమిషాలు నడిస్తే గదిలో ఉంటారు. ఇంట్లో ఇద్దరు ఓడలో, మిగతావాళ్లు గదిలో ఉన్నప్పుడు ఈ పది నిమిషాల దూరమే పెద్ద భరోసా.

వయసు, కార్డులు

ఆట జరిగే చోటికి 21 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వరు. అమ్మానాన్నా పక్కనున్నా రానివ్వరు. ఇక్కడ అందరూ మర్చిపోయేది చిన్నపిల్లల్ని కాదు, బీటెక్ మూడో ఏడు కుర్రాణ్ణి. ఓటు ఉంది, బండి లైసెన్సు ఉంది, ఆరడుగులున్నాడు, కానీ వయసు 20. గేటు దగ్గర వెనక్కి పంపిస్తే రాత్రంతా ముఖం మాడ్చుకుంటాడు. 18 నుంచి 20 మధ్య వాళ్లెవరైనా ఉంటే ఆ రాత్రికి వాళ్లేం చేయాలో టికెట్లు తీసే రోజే చెప్పేయండి.

వెంట ఉండాల్సినవి:
పెద్దలందరికీ పుట్టినతేదీ పూర్తిగా ఉన్న ఒరిజినల్ ఫొటో కార్డు. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏదైనా సరే. పాత ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటే ముందే సరిచేయించుకోండి.
ఓడ ఎక్కేవాళ్లకు పాన్ కార్డు. గెలుపు మీద పన్ను కోసినా, పెద్ద మొత్తం నగదు చేతులు మారినా అడుగుతారు.
పిల్లలకు ఆధార్. హోటల్ రిజిస్టర్లోనూ, రైల్లోనూ పనికొస్తుంది.

జెరాక్సులు నమ్ముకోవద్దు. ఫోన్లో తీసిన ఫొటోనీ నమ్ముకోవద్దు.

ప్రయాణం

విజయవాడ, గుంటూరు మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారానికి నాలుగు రోజులు నడుస్తుంది. అది హౌరా వైపు నుంచి వచ్చే బండి కాబట్టి మన స్టేషన్లకు వచ్చేసరికి ఆలస్యం అయ్యుండొచ్చు. బయల్దేరే ముందు ఎక్కడుందో చూసుకోండి. రాత్రి నల్లమల దాటి, మర్నాడు హుబ్బళ్లి మీదుగా పగటిపూట ఘాట్‌లోకి దిగుతుంది. అప్పుడే దూధ్‌సాగర్ జలపాతం రైల్లోంచే కనిపిస్తుంది, ఎత్తు 310 మీటర్లు. పిల్లలకు ఇది ఉచితంగా దొరికే మొదటి ఆట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలపాతం నిండుగా ఉంటుంది. అదే కాలంలో ఘాట్‌లో కొండచరియలు విరిగి బండ్లు ఆగే ప్రమాదమూ ఉంటుంది. అందుకని వానాకాలం వెళ్తే దిగిన రోజు సాయంత్రానికి ఏ టికెట్టూ కొనొద్దు.

పణజికి మడ్‌గావ్‌లో దిగితే సరిపోతుంది. అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. టాక్సీకి ప్రీపెయిడ్ కౌంటర్ గానీ, గోవామైల్స్ యాప్ గానీ వాడండి. మనకు అలవాటైన క్యాబ్ యాప్‌లను అక్కడ లెక్కలో వేసుకోవద్దు.

గన్నవరం నుంచి విమానంలో వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మారతారు. టికెట్ మీద ‘గోవా’ అని చూసి ఊరుకోవద్దు, అక్కడ రెండు విమానాశ్రయాలున్నాయి. పాతది దాబోలిం, వాస్కో పక్కన. 2023లో మొదలైన మోపా ఉత్తరాన ఉంది. పణజి రెంటికీ మధ్యలో ఉంది గనక ఏదైనా ఫర్వాలేదు. కాకపోతే వెళ్లేటప్పుడు ఒకచోట దిగి వచ్చేటప్పుడు ఇంకోచోట ఎక్కుతుంటే టాక్సీ మాట్లాడేటప్పుడు పేరు స్పష్టంగా చెప్పండి.

సొంతంగా నడుపుకొనే కారు అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకిస్తామంటే వద్దనండి. పోలీసులు ఆపితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

గది: రెండా, ఒకటా?

ఆరుగురికి ఒక పెద్ద సూట్ తీసుకోవాలని అనిపిస్తుంది. పన్ను చూస్తే మనసు మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ₹7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ₹14,000 సూట్‌కు రోజుకు ₹2,520 పన్ను. ₹7,000 చొప్పున రెండు గదులకు కలిపి ₹700. మూడు రాత్రులకు తేడా ₹5,460. పైగా రెండు బాత్రూములు, అమ్మమ్మకు పెందలాడే దీపం ఆర్పేసుకునే స్వేచ్ఛ.

ఫోన్ చేసి అడగాల్సినవి ఇవి. రెండు గదుల మధ్య లోపలి తలుపు ఉందా, లేక పక్కపక్క గదులేనా? చాలా హోటళ్లు రెంటినీ ఒకేలా చెబుతాయి. చిన్నపిల్లలతో లోపలి తలుపు విలువ వేరు. ఎన్నేళ్ల దాకా పిల్లలకు ఉచితం, అదనపు మంచానికి ఎంత? ఆ మంచం అంటే పరుపా, మడత మంచమా? గదిలో కెటిల్ ఉందా? లిఫ్టు ఆటల హాలు మీదుగా వెళ్తుందా? హోటల్లోనే యంత్రాలుంటే ఆ అంతస్తులో సిగరెట్ వాసన, సంగీతం తప్పవు, కనీసం రెండంతస్తులు పైకి అడగండి.

‘రివర్ వ్యూ’ గదికి ఎక్కువ డబ్బు కట్టే ముందు ఒకటి తెలుసుకోండి. పగలు అది నది. రాత్రి అదే కిటికీలో ఓడల మీది రంగుల దీపాలు అర్ధరాత్రి దాటాక కూడా తిరుగుతుంటాయి. పిల్లలు ఆ కిటికీకి అతుక్కుపోతారు. పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. పిల్లల గది నది వైపు, పెద్దల గది ఊరి వైపు తీసుకుంటే గొడవుండదు.

తేదీల సంగతి క్లుప్తంగా: క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా మానుకోండి. శుక్ర, శని, ఆదివారాల్లో గది ధర, ఓడ టికెట్టు రెండూ పెరుగుతాయి. సోమవారం దిగి గురువారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే జేబుకు తేలిక.

రోజుల అమరిక

మొదటి రోజు దిగి, స్నానాలు చేసి, నది ఒడ్డున నడక, మిరామార్ బీచ్ దగ్గర సూర్యాస్తమయం. అంతే. తొందరపడి ఆ రాత్రే ఓడ ఎక్కేవాళ్లు ప్రయాణ బడలికలో ఆడతారు. అలసట మీద చేసే పందెం ఎప్పుడూ పెద్దదే అవుతుంది.

రెండో రోజు ఉదయం ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ బసిలికా, అక్కడి నుంచి మంగేశి గుడి, వీలైతే కవళేలో శాంతాదుర్గ అమ్మవారు. పెద్దవాళ్లకు ఈ రెండు గుళ్లే గోవా. మధ్యాహ్నం భోజనం చేసి నాలుగింటిదాకా అందరూ పడుకోవాలి. ఇది సలహా కాదు, ప్లాన్‌లో భాగం. రాత్రి ఓడ.

మూడో రోజు పిల్లలది: ఈత కొలను, బీచ్, సాయంత్రం మాండవి మీద మామూలు పడవ విహారం. క్యాసినో ఓడకీ ఈ పడవకీ సంబంధం లేదు. పాటలు, డాన్సులు ఉంటాయి, ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. 20 ఏళ్ల కుర్రాడి అలక కూడా ఇక్కడ తీరిపోతుంది.

తిండికి ఒక మాట. పణజిలో ఉడిపి తరహా హోటళ్లు ఉన్నాయి, శాకాహారులు పస్తుండరు. అయినా కందిపొడి, చిన్న సీసాలో ఆవకాయ, నెయ్యి పెట్టుకోండి. కెటిల్లో అన్నం వండొద్దు. గంజి పొంగి కింది ప్లేటులోకి దిగితే హోటల్ వాళ్లు కెటిల్ ఖరీదు బిల్లులో వేస్తారు.

ఓడ ఎక్కే రాత్రి

ఎవరెవరు వెళ్తారో మధ్యాహ్నమే తేల్చండి. కొన్ని పెద్ద ఓడల్లో పిల్లల కోసం విడిగా ఆటల గది, చూసుకునే మనుషులు ఉంటారు. పిల్లలకు వేరే టికెట్. ఎన్నేళ్ల నుంచి తీసుకుంటారు, ఎన్ని గంటలకు మూసేస్తారు, తినడానికి ఏం పెడతారు, ఈ మూడూ ముందే అడగండి. ఆ సౌకర్యం ఉన్నా మా అభిప్రాయం ఒకటే: ఆరేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దు. రెండు గంటలు గడిచేసరికే నిద్ర ముంచుకొస్తుంది, ఆ మోతలో పడుకోలేరు. ఇక భార్యాభర్తలు వంతులవారీగా పిల్లల గది దగ్గర కాపలా కాయాలి. అమ్మమ్మ దగ్గర గదిలో వదిలేసి వెళ్లడం ఇద్దరికీ హాయి.

జెట్టీ నుంచి ఓడ దాకా చిన్న పడవలో తీసుకెళ్తారు. మాండవికి ఆటుపోట్లుంటాయి. నీళ్లు తగ్గిన వేళ జెట్టీ నుంచి పడవలోకి దిగే వాలు నిటారుగా ఉంటుంది. అరవై దాటినవాళ్లు ఎక్కుతుంటే సిబ్బందిని చెయ్యి అందించమని అడగండి, మొహమాటం వద్దు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ ముందే ఇంకొకరికి ఇచ్చేసి, ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని దిగాలి. ఓడలో అంతస్తుల మధ్య మెట్లు ఉంటాయి. లిఫ్టు ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే కనుక్కోండి. ఈదురుగాలి ఉన్న రోజుల్లో పడవలు ఆలస్యం కావచ్చు.

మగవాళ్లకు ప్యాంటు, చొక్కా, బూట్లు. షార్ట్స్, రబ్బరు చెప్పులు, చేతుల్లేని బనియన్లకు గేటు దగ్గరే అభ్యంతరం వస్తుంది. ఆట బల్లల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. ఏసీ చలి ఎక్కువ, శాలువా ఉంచుకోండి.

డబ్బు

అసలు విషయం ఇదే. నిదానంగా చదవండి.

టికెట్‌నే ప్యాకేజీ అంటారు. అందులో ప్రవేశం, బఫే, తాగేవి, స్టేజీ కార్యక్రమం, కొంత విలువ చిప్పులు (డబ్బుకు బదులు పందెం కాసే బిళ్లలు) కలిసుంటాయి. ఆ చిప్పులు చాలావరకు ‘వన్ టైమ్ ప్లే’ రకం, వాడుకలో ఓటీపీ. కౌంటర్లో ఇస్తే నగదు రాదు. ఒక్కసారి పందెం కాస్తారు. గెలిస్తే గెలుపు మామూలు చిప్పుల్లో ఇస్తారు, ఆ ఓటీపీ చిప్పు మాత్రం వాళ్లే తీసుకుంటారు. అందువల్ల ₹1,000 ఓటీపీని 37 గడుల చక్రం తిప్పే రౌలెట్‌లో, 18 గడులున్న ఎరుపు మీద పెడితే దాని సగటు విలువ 37లో 18 వంతు, అంటే ₹486. అదే ఒకే అంకె మీద, ఒకటికి ముప్పై అయిదు వచ్చే చోట పెడితే సగటున ₹946. చాలాసార్లు సున్నా, ఎప్పుడో ఒకసారి పెద్దది. అందుకే కొన్నిచోట్ల ఓటీపీని సరిసమానంగా చెల్లించే పందేలకే పరిమితం చేస్తారు. ‘వెయ్యి చిప్పులు ఫ్రీ’ అని ఏజెంటు చెబితే చేతికి ఐదొందలొచ్చినట్టు లెక్కేసుకోండి.

తర్వాత పన్ను. క్యాసినోల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అది గెలుపు మీద కాదు, చిప్పులు కొనడానికి మీరు కట్టే సొమ్ము మీద. ఓడను బట్టి వసూలు చేసే తీరు మారుతుంది. కౌంటర్లో అడగాల్సింది ఒకటే ప్రశ్న: ‘ఐదు వేలిస్తే నా చేతికి ఎంత విలువ చిప్పులొస్తాయి?’ పన్ను ఆ ఐదు వేలలోనే కలిసుంటే ₹3,571 వరకే వస్తాయి. పన్ను విడిగా అయితే ఐదు వేల చిప్పులకు ₹7,000 కట్టాలి. గెలిచిన చిప్పులతో మళ్లీ ఆడితే కొత్తగా పన్ను లేదు.

మిగిలిన చిప్పులు తిరిగిచ్చినా, వాటి మీద పడిన జీఎస్టీ వెనక్కి రాదు. నిబంధన అదే. కాబట్టి ₹15,000 పెట్టుకుని వెళ్తే ఒకేసారి కొనొద్దు. మూడు కవర్లలో ఐదేసి వేలు పెట్టండి. మొదటి కవరు అయిపోయాక లేచి బఫే తినండి. రెండోది అయ్యాక స్టేజీ కార్యక్రమం చూడండి. మూడోది మిగిలితే ఇంటికి తెచ్చుకోండి, దాని మీద పన్ను పడలేదు.

కవర్లు ఇంటి దగ్గరే కట్టండి. అక్కడికెళ్లాక కట్టేవి కవర్లు కావు. ఏటీఎం కార్డులు హోటల్ లాకర్లో పెట్టండి. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి ఆ రాత్రికి ₹2,000కి తగ్గించండి. భార్యాభర్తలిద్దరూ వెళ్తే ఒకరి కవర్లు ఇంకొకరి దగ్గర ఉండాలి. అడిగి తీసుకోవాల్సి వచ్చినప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది.

గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సు అదనం. ఓడిన సొమ్మును అందులోంచి మినహాయించుకోనివ్వరు. ఒక్క గెలుపు ₹10,000 దాటితే అక్కడే కోసుకుంటారు. ఆ రసీదు దాచి మీ ఆడిటర్‌కు ఇవ్వండి.

ఏజెంట్లు ‘గది ఫ్రీ, విమానం ఫ్రీ’ అంటారు. దాని వెనక ఇన్ని లక్షల చిప్పులు కొనాలి, ఇంత ఆడాలి అనే షరతు ఉంటుంది. ఇంటివాళ్లతో వెళ్లే ప్రయాణానికి అది పనికిరాదు. ‘ముందు ఫోన్లో ఆడి అలవాటు చేసుకోండి’ అని లింకు పంపితే అసలు తెరవొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్ర చట్టమే నిషేధించింది.

ఏ బల్ల దగ్గర కూర్చోవాలి

మనవాళ్ల కాళ్లు అటే వెళ్తాయి గనక ముందు అందర్ బాహర్. అది మన లోనా బయటానే, కోతముక్క ఆడినవాళ్లకు నేర్పక్కర్లేదు. మొదటి ముక్క పడే వైపుకు గెలుపు అవకాశం సుమారు 51.5 శాతం. అందుకే ఆ వైపు గెలిస్తే వందకు తొంభయ్యే ఇచ్చే పద్ధతి ఎక్కువ, రెండో వైపుకు వందకు వంద. లెక్కగడితే మొదటి వైపు వందకు రెండు రూపాయల పైచిలుకు, రెండో వైపు మూడు రూపాయలు క్యాసినో తింటుంది. ‘లోన ఐదుసార్లు వరసగా పడింది, ఇక బయటే’ అనే లెక్క పేకకు తెలియదు.

రౌలెట్ దగ్గర కూర్చునే ముందు చక్రం మీద పచ్చ గడులు (సున్నాలు) లెక్కపెట్టండి. ఒకటే ఉంటే క్యాసినో వాటా 2.7 శాతం. రెండుంటే 5.26. గంటకు నలభై తిప్పులు, తిప్పుకు ₹500 పెడితే సగటున మొదటిచోట ₹540, రెండోచోట ₹1,050 పోతాయి. సగటు అంటే సగటే, ఒక గంటలో ఐదు వేలు పోనూవచ్చు. బల్ల మీద రాసున్న కనీస పందెం చదవండి. మొదటి కవరుతో కనీసం ఇరవై పందేలు రాకపోతే అది మీ బల్ల కాదు.

ఇద్దరిలో ఒకరు కవర్లు అయిపోయాక కూడా లేవకపోతే, అప్పు అడుగుతుంటే, ఊరొచ్చాక కూడా ఆ ధ్యాసలోనే ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా.

తిరుగు ప్రయాణం

చిప్పులు ఓడ దిగే ముందే నగదు చేసుకోండి. జేబులో మిగిలిపోయిన చిప్పుకు పణజి బజార్లో టీ కూడా రాదు. తిరిగొచ్చే పడవ దగ్గర అర్ధరాత్రి తర్వాత వరస పెరుగుతుంది. పావుగంట ముందే కౌంటర్ పని ముగించుకోండి.

సీసాలు సామాన్లో పెట్టొద్దు. అక్కడ చవకే, ఇక్కడికి తెస్తే పన్ను కట్టని మద్యం కింద పట్టుకుంటారు.

వాస్కో నుంచి అమరావతి ఉదయాన్నే బయల్దేరుతుంది. పణజి నుంచి ఆ బండి అందుకోవాలంటే నాలుగింటికి లేచి తెల్లవారకముందే టాక్సీలో ఉండాలి. టాక్సీ ముందురోజు మధ్యాహ్నమే మాట్లాడి, డ్రైవర్ నంబరు రాత్రి తొమ్మిదింటికి ఒకసారి సరిచూసుకోండి. హోటల్ బిల్లు కూడా రాత్రే కట్టేయండి. అల్పాహారం గది ధరలో కలిసుంటే అంత పొద్దున బఫే తెరవరు కాబట్టి, డబ్బాల్లో కట్టివ్వమని ముందురోజే చెప్పండి. ఇడ్లీ ఉండకపోవచ్చు, బ్రెడ్డూ గుడ్డూ ఇస్తారు. ఆ రోజుకి మీ సీసాలో ఇంకా కాస్త ఆవకాయ మిగిలుండేలా చూసుకోండి.